పిల్లలు బండలెక్కుతామంటే... చోటును ఎంచుకోవడం ఎలా?

మనది కొండలు కనబడని ప్రాంతం. వేటపాలెం, చీరాల చుట్టూ ఒక ప్రక్క ఇసుక నేలలు, జీడిమామిడి తోటలు; మరో ప్రక్క కొంచెం లోపలికి వెళ్తే పత్తి, మిరప పండే నల్లరేగడి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఎక్కడమంటే చెట్టో, మేడ మెట్లో ఎక్కుతారు. అదే పిల్లలు చదువుకో, ఉద్యోగానికో హైదరాబాదు చేరిన కొన్నాళ్ళకు ఫోన్ చేసి, "ఈ ఆదివారం స్నేహితులతో కలిసి బండలెక్కడానికి వెళ్తున్నాం" అంటారు. ఇంట్లో వాళ్ళకు గుండె గుభేలుమంటుంది. "వద్దు" అంటారు. పిల్లలు సరేనంటారు. మరుసటి వారం చెప్పకుండా వెళ్తారు.

ఇలా చెప్పకుండా వెళ్ళడంలోనే అసలు ప్రమాదం ఉంది. ఎక్కడికి వెళ్ళారో, ఎవరితో వెళ్ళారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏదైనా జరిగితే వెదకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అందుచేత ఈ వ్యాసం పిల్లలను భయపెట్టడానికీ కాదు, ఉసిగొల్పడానికీ కాదు. ఏ బండ ఎక్కదగినది, ఏది కాదు, దెబ్బ తగిలితే మొదటి పది నిమిషాలలో ఏమి చేయాలి అన్నవి పెద్దలకూ పిల్లలకూ ఇద్దరికీ తెలియాలని వ్రాస్తున్నాం.

బండలెక్కడం ఆరోగ్యానికి మంచిదా అంటే, మంచిదే. రోజంతా కంప్యూటరు ముందు వంగి కూర్చునేవారికి వీపు, భుజాలు, చేతులు, కాళ్ళు అన్నీ కలిసి పనిచేసే వ్యాయామం ఇది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా తగినది. ఇందులో కండబలం కంటె కాలు ఎక్కడ పెట్టాలో తెలియడం ముఖ్యం. టోక్యోలో 2021లో జరిగిన ఒలింపిక్స్‌లో దీనిని మొదటిసారిగా పోటీ క్రీడగా చేర్చారు. కాబట్టి ఇది పనిలేనివాళ్ళ పిచ్చి అనుకోనవసరం లేదు.

హైదరాబాదులో ఇన్ని బండలు ఎందుకు?

రైలులో సికింద్రాబాదు చేరబోతుండగా కిటికీలోనుండి చూస్తే, ఎవరో తెచ్చి ఒకదానిపై ఒకటి పేర్చినట్లుగా పెద్ద పెద్ద గుండ్రాళ్ళు కనబడతాయి. వాటిని ఎవరూ పేర్చలేదు. అవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు రాళ్ళు. భూమి లోపల కరిగిన రాతిపదార్థం నిదానంగా చల్లబడి గట్టిపడి, నిలువుగాను అడ్డంగాను పగుళ్ళు ఇచ్చింది. ఆ పగుళ్ళలోకి నీరు దిగి, మూలలను ముందుగా తినివేసింది. చదరపు దిమ్మలు కాస్తా గుండ్రంగా మారాయి. పైనున్న మట్టి కొట్టుకుపోయాక అవి బయటపడ్డాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఎక్కేవారికి పనికివచ్చే సంగతి ఇందులో ఒకటి ఉంది. గ్రానైటు గట్టి రాయే. కాని ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లారి, ఏళ్ళ తరబడి అలా జరిగేసరికి, పైభాగం ఉల్లిపాయ పొరలాగా పెళ్ళలు లేస్తుంది. చూడడానికి చక్కని పట్టులాగా కనబడే అంచు, చేయి వేసి లాగితే మనిషితో సహా ఊడి రావచ్చు. బండ పెద్దది కదా అని నమ్మకూడదు. పట్టుకునే చోటు ఎంత గట్టిదో చూసుకోవాలి.

ఎక్కడంలో రెండు రకాలు

మొదటిది త్రాడుతో ఎక్కడం. నిట్టనిలువు కొండ చరియను, నడుముకు పట్టీ కట్టుకొని, తలకు హెల్మెట్ పెట్టుకొని ఎక్కుతారు. క్రింద ఒక మనిషి త్రాడు రెండవ కొసను పట్టుకొని కనిపెట్టుకొని ఉంటాడు. ఎక్కేవారి కాలు జారినా త్రాడు ఆపుతుంది. మన తాటితోపుల్లో గీత కార్మికులు నడుము చుట్టూ మోకు వేసుకొని ఎక్కడం మనం చూసినదే. సూత్రం అదే, సరంజామా వేరు. తాటిచెట్ల మీదనుండి పడి ప్రాణాలు పోవడం, నడుములు విరగడం చూసి, తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో గీత కార్మికులకు "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో త్రాళ్ళు, నడుము పట్టీలున్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవారు వాడే రక్షణ పద్ధతి మన చెట్లెక్కేవారి దాకా రావడం సంతోషించదగిన విషయం.

రెండవది బౌల్డరింగ్. పది పన్నెండు అడుగుల గుండ్రాళ్ళను త్రాడు లేకుండా ఎక్కడం. క్రింద దళసరి పరుపు వేస్తారు. ఒకరిద్దరు చేతులు చాచి కాచుకుంటారు. రబ్బరు అడుగున్న బిగుతు బూట్లు, చేతి చెమట పీల్చుకోవడానికి తెల్లని మెగ్నీషియం పొడి, ఇంతే సామాను. ఖర్చు తక్కువ కాబట్టి కుర్రకారు ముందుగా దీనికే వెళ్తారు. ఎత్తు తక్కువ కాబట్టి అపాయం కూడా తక్కువేనని అనుకుంటారు.

ఆ మాట పూర్తిగా నిజం కాదు. త్రాడుతో ఎక్కేవాడు జారితే గాలిలో వ్రేలాడతాడు. బౌల్డరింగ్‌లో జారిన ప్రతిసారీ నేలను తాకవలసిందే. 12 అడుగుల ఎత్తునుండి పడిన మనిషి నేలను తాకేటప్పటికి వేగం గంటకు దాదాపు 30 కిలోమీటర్లు. స్కూటరు ఆ వేగంతో గోడను గుద్దితే ఎలా ఉంటుందో ఆలోచించండి. చీలమండ బెణకడం, మణికట్టు విరగడం, మడమ ఎముక నలిగిపోవడం ఈ పన్నెండు అడుగులలోనే జరుగుతాయి.

ఎక్కడికి వెళ్ళాలి?

క్రొత్తవారికి ముందుగా చెప్పవలసిన చోటు భువనగిరి. హైదరాబాదు నుండి వరంగల్ వెళ్ళే దారిలో సుమారు 50 కిలోమీటర్లు. రైలుంది, బస్సుంది. ఊరి మధ్యలో బోర్లించిన కోడిగుడ్డు లాంటి ఒకే ఒక మహా శిల, దాని నెత్తిన కోట. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుమీద త్రిభువనగిరి అయింది, వాడుకలో భువనగిరి అయింది. అక్కడ రాక్ క్లైంబింగ్ శిక్షణ ఇస్తూ వస్తున్నారు.

ఆ బండ మీదనే మన పిల్లలు ఇద్దరు మొదటి పాఠాలు నేర్చుకున్నారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు, పేద కుటుంబాల బిడ్డలు. భువనగిరిలో బచినేపల్లి శేఖర్ బాబు శిక్షణలో ఎక్కడం నేర్చుకొని, తరువాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో సాధన చేసి, 2014 మే 25న టిబెట్ వైపు నుండి ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. అంత చిన్న వయస్సులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల లేదు. పేపర్లన్నీ ఎవరెస్టు గురించే వ్రాశాయి. డాక్టర్లుగా మాకు ఎక్కువ నచ్చినది దానికి ముందరి భాగం. ఎంపిక చేసి, గురువు ప్రక్కన ఉండి, త్రాడు కట్టి, అంచెలంచెలుగా ఎక్కించారు. మొదటి రోజే ఎవరూ పెద్ద బండ ఎక్కలేదు.

హైదరాబాదు ఊరిలోనే చూస్తే, గచ్చిబౌలి దగ్గరి ఖాజాగూడ గుట్టలు ఎక్కేవారికి చాలాకాలంగా తెలిసిన చోటు. ఐ.టి. ఆఫీసులకు కూతవేటు దూరం. కాని ఊరు పెరిగేకొద్దీ బండలు తరుగుతున్నాయి. పదేళ్ళ క్రిందట స్నేహితుడు ఎక్కిన గుండు ఇవాళ ఒక అపార్టుమెంటు పునాదిలో కంకరై ఉండవచ్చు. కాబట్టి పాత సమాచారం పట్టుకొని బయలుదేరవద్దు. ఈ మధ్య వెళ్ళివచ్చినవారిని అడగండి.

ఈ రాళ్ళను కాపాడడానికి 1996లో "సొసైటీ టు సేవ్ రాక్స్" అనే సంఘం ఏర్పడింది. కళాకారులు, ఫొటోగ్రాఫర్లు, ప్రకృతి ప్రేమికులు కలిసి పెట్టుకున్నది. సెలవు రోజుల్లో జనాన్ని వెంటబెట్టుకొని బండల మధ్య నడకలు నిర్వహిస్తూ వచ్చింది. ఎక్కడం మొదలుపెట్టకముందు ఇటువంటి నడకలకు రెండు మూడుసార్లు వెళ్ళమని మా సలహా. ఏ గుట్ట ఎవరిది, ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ నీడ ఉంటుంది అన్నవి పైసా ఖర్చు లేకుండా తెలుస్తాయి. అమ్మా నాన్నా హైదరాబాదు వచ్చినపుడు వాళ్ళను కూడా తీసుకువెళ్ళవచ్చు.

కొన్ని బండలు చూడడానికే గాని ఎక్కడానికి కావు. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు బండ అటువంటిది. అలాగే గుడి, దర్గా ఉన్న గుట్టలు. మౌలాలీ గుట్ట మీద దర్గా ఉంది. అక్కడికి మెట్ల మీదుగా గౌరవంగా వెళ్ళి రావాలి. ఏ మతస్థులదైనా పూజాస్థలం మీద బూట్లతో ప్రాకులాడడం మర్యాద కాదు. ఊరివారితో గొడవ వస్తే మీ తరువాత వచ్చేవారికి కూడా ఆ చోటు మూతబడుతుంది.

కొంచెం దూరమైనా ఫరవాలేదనుకుంటే భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్టలున్నాయి. ఇవి గ్రానైటు కావు, ఇసుకరాయి. అటవీ శాఖ పరిధిలో ఉన్నాయి, అనుమతితోనే వెళ్ళాలి. ఆదిమానవులు రాతిమీద వేసిన రంగు బొమ్మలు అక్కడ ఉన్నాయి. వాటిని చేత్తో తాకవద్దు, తెల్లపొడి అంటించవద్దు. ఇసుకరాయికి ఇంకొక గుణం ఉంది. తడిస్తే లోపల బలం తగ్గి పట్టులు విరుగుతాయి. వాన పడిన తరువాత పైన ఆరినట్లు కనబడినా, కనీసం రెండు రోజులు ఆగాలి.

బెంగుళూరులో ఉన్న మన పిల్లలకు రామనగరం దగ్గర. "షోలే" సినిమా తీసిన కొండలు. అయితే అక్కడి రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. ఆ ప్రాంతంలో ఎక్కడం కుదరదు, చుట్టుప్రక్కల వేరే గుట్టలకు వెళ్ళాలి. హంపి సంగతి చెప్పనే అక్కరలేదు. అమెరికా క్లైంబర్ క్రిస్ శర్మ అక్కడ ఎక్కినప్పటి సినిమా 2003లో వచ్చాక విదేశాలవారు కూడా రావడం పెరిగింది. హంపిలో కట్టడాల దగ్గర ఎక్కరాదు.

మన జిల్లాల్లో లేవా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. గ్రానైటు పేరు చెబితే చీమకుర్తి ఎవరికి తెలియదు? బల్లికురవ, మార్టూరు వైపు కూడా రాయి తీస్తారు. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు, "హైదరాబాదు దాకా ఎందుకు, ఇక్కడే క్వారీ గోడ ఎక్కుదాం" అనుకోవచ్చు. దయచేసి ఆ పని చేయవద్దు. క్వారీ గోడ ప్రకృతి చెక్కిన బండ కాదు. మందు పెట్టి పేల్చడం వలన లోపల కంటికి కనబడని పగుళ్ళుంటాయి. అంచున వదులు రాళ్ళుంటాయి. వదిలేసిన క్వారీ గుంటలో నీరు నిలిచి ఉంటే, లోతు ఎంతో చూసి చెప్పలేం. పడితే పట్టుకొని పైకి రావడానికి మెట్టు ఉండదు. ఈత వచ్చినవారు కూడా బయటికి రాలేకపోయిన సంఘటనలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

మన దగ్గర చేయదగినది కాళ్ళకు బలం తెచ్చుకోవడం. కోటప్పకొండ మెట్ల దారి, కొండవీడు కోట కొండలు నడకకు బాగుంటాయి. పండుగ రోజులు కాకుండా ఉదయం పూట వెళ్ళి, వారానికి ఒకసారి ఎక్కి దిగినా, మోకాళ్ళు, తొడలు గట్టిపడతాయి.

చోటును పరీక్షించడం

పేరున్న చోటైనా, క్రొత్తగా కనిపెట్టినదైనా, ఎక్కేముందు కొన్ని చూసుకోవాలి. ఈ రోజుల్లో ఫోనులో ఉపగ్రహ చిత్రాలు చూసి గుట్టలను గుర్తించడం తేలిక. పచ్చని పొదల మధ్య బూడిద రంగు మచ్చలుగా కనబడతాయి. కాని ఆ చిత్రంలో ఎత్తు తెలియదు, యజమాని తెలియడు, తేనెపట్టు కనబడదు. కాబట్టి మొదటిసారి ఎక్కే ఉద్దేశం లేకుండా ఊరకే చూసి రావడానికి వెళ్ళాలి. అక్కడ మేకలు కాసుకునేవారిని పలకరించండి. నీళ్ళెక్కడ, పాములెక్కడ, ఆ స్థలం ఎవరిది అన్నవి వారికి తెలిసినంతగా ఏ ఫోనుకూ తెలియవు.

అన్నింటికంటె ముందు దిగే దారి చూడాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా చాలు. ఎక్కేటప్పుడు పట్టులు కళ్ళ ఎదుట ఉంటాయి, దిగేటప్పుడు కాలి క్రింద ఉంటాయి, కనబడవు. ఉత్సాహంగా ఎక్కి, పైన కూర్చొని, దిగలేక వణికిపోయేవారుంటారు. భయంలో దూకుతారు, కాలు విరుగుతుంది. బండ చుట్టూ ఒకసారి తిరిగి, వెనుకవైపు వాలుగా నడిచి దిగగలిగే దారి ఉంటేనే ఎక్కాలి. లేకపోతే ఎంత అందమైన బండయినా వదిలేయాలి.

తరువాత రాయిని తట్టి చూడాలి. పిడికిలితో కొడితే గట్టి రాయి మొద్దుగా పలుకుతుంది. బోలు శబ్దం వచ్చిందంటే అక్కడ పెళ్ళ విడిపోయి ఉంది. కుండలు కొనేటప్పుడు మన ఆడవాళ్ళు వ్రేలితో కొట్టి చూడరూ, అలాగన్నమాట. గుండు మీద గుండు నిలబడి ఉన్నచోట, పై గుండు కదులుతుందేమో అనుమానం ఉంటే దాని జోలికి పోవద్దు. నల్లని నీటిచారలు, పాచి ఉన్నచోట వానాకాలంలో సబ్బు రాసినట్లు జారుతుంది.

ఇక పడే చోటు. నేల చదునుగా ఉందా? పొదల మాటున మొనదేలిన రాయి, కొట్టేసిన చెట్టు మోడు, పగిలిన సీసా ముక్కలు ఉన్నాయా? నగరం దగ్గరి గుట్టల్లో సీసాలు ఎక్కువ, ఎందుకో మీకు తెలుసు. పరుపు పడే చోటనే వేయాలి. ప్రక్కకు ఎక్కుకుంటూ పోతే పరుపును కూడా జరపాలి. కాచుకునే మనిషి పడేవాడిని ఎత్తుకోవడానికి ప్రయత్నించకూడదు, ఇద్దరికీ దెబ్బ తగులుతుంది. నడుము దగ్గర పట్టి పరుపు మీదికి మళ్ళించి, తల నేలకు తగలకుండా చూడడమే అతని పని. పడేవాడు రెండు పాదాల మీద, మోకాళ్ళు వంచి, వెనక్కి దొర్లాలి. చేతులు వెనక్కి ఆనించకూడదు. మణికట్లు, మోచేతులు విరిగేది అక్కడే.

పైన అంచుల క్రిందికి చూడండి. పెద్ద కొండ తేనెటీగల పట్టు నల్లగా వ్రేలాడుతుంటే ఆ బండనే కాదు, ఆ పరిసరాలనే వదిలేయండి. అత్తరు, సిగరెట్టు పొగ, కేకలు వాటిని రేపుతాయి. అవి లేస్తే ముఖం కప్పుకొని పరుగెత్తడం తప్ప వేరే ఉపాయం లేదు. బండ మధ్యలో ఉన్నవాడికి ఆ పరుగు కూడా ఉండదు. కుట్టిన తరువాత ముల్లును గోటితో వెంటనే గీకివేయాలి. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు వాచడం, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి. పగుళ్ళలోకి చూడకుండా చేయి పెట్టవద్దు. తేలు, పాము ఉండవచ్చు. పాము కాటుకు కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం చేయకూడదు. కరచిన చేతిని కదలనీయకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాలం సంగతి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి రోజులు. ఏప్రిల్, మే నెలల్లో వద్దే వద్దు. బండ పగలంతా వేడి పీల్చుకొని సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటుంది, చర్మం కాలుతుంది. ఆరాధన ముగించుకొని మధ్యాహ్నం ఎండలో వెళ్ళడం కంటె శనివారం తెల్లవారగానే వెళ్ళి పది గంటలకు తిరిగి రావడం మేలు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉండాలి. చెమట పట్టడం ఆగిపోయి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడి గుడ్డలతో ఒళ్ళంతా తడిపి, విసరుతూ, 108ని పిలవాలి.

ఒంటరిగా వెళ్ళవద్దు. మన ప్రక్క నెల్లూరు జిల్లా వాడైన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజులలో ఎక్కిన ఘనుడు. 2015లో దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల మీద ఒంటరిగా వెళ్ళినపుడు తుపానులో చిక్కుకొని మరణించాడు. అంతటి అనుభవం ఉన్న మనిషికే ప్రక్కన మరొకరు లేని లోటు అటువంటిది. కనీసం ముగ్గురు ఉండాలి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుండాలి, ఒకరు రోడ్డు మీదికి వెళ్ళి అంబులెన్సును పిలుచుకురావాలి.

ఎవరు ముందుగా డాక్టరును అడగాలి?

మూర్ఛ వ్యాధి ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, భుజం కీలు తరచు తప్పేవారు, ఇన్సులిన్ తీసుకునే షుగరు రోగులు, గర్భిణులు డాక్టరు సలహా లేకుండా బండ ఎక్కకూడదు. ధనుర్వాతం టీకా వేయించుకొని ఎన్నేళ్ళయిందో చూసుకోండి. రాయి గీరుకోకుండా ఇంటికి వచ్చినవాడు లేడు.

ఎదిగే పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. 12 నుండి 16 ఏళ్ళ వయస్సులో వ్రేలి ఎముకల కొసల దగ్గర ఎముక పెరిగే మెత్తని భాగం ఉంటుంది. చిన్న చిన్న అంచులను వ్రేలి కొసలతో పదే పదే పట్టి వ్రేలాడడం వలన ఆ భాగం చిట్లుతుంది. ఒక్కసారిగా జరగదు. నడిమి కణుపు దగ్గర నొప్పి, కొంచెం వాపు, వారాల తరబడి ఉంటుంది. "వ్రేలే కదా" అని ఊరుకుంటే వ్రేలు వంకరగా పెరగవచ్చు. ఎక్స్‌రే తీయించాలి, నొప్పి పూర్తిగా పోయేవరకు ఎక్కడం మానిపించాలి. పెద్దవాళ్ళలో దెబ్బతినేది ఎముక కాదు, వ్రేలి నరాన్ని ఎముకకు ఆనించి పట్టే పట్టీ. పట్టు పట్టినప్పుడు టప్పున శబ్దం వస్తుంది, వ్రేలు మొదట్లో నొప్పి, వాపు. దీనికి నూనె రాసి లాగించడం, కట్టు వైద్యుని దగ్గర తిప్పించడం చాలా హాని చేస్తాయి.

పడినప్పుడు

పైనుండి పడినవాడు లేచి కూర్చోబోతుంటే చుట్టూ ఉన్నవారు చంకల క్రింద చేతులు వేసి లేపుతారు, నీళ్ళు త్రాగిస్తారు, ఆటోలో కూర్చోబెడతారు. ప్రేమతో చేసే ఈ మూడు పనులే కొన్నిసార్లు జీవితాంతం మంచాన పడవేస్తాయి. వెన్నుపూస విరిగినా లోపలి నరం అప్పటికి బాగానే ఉండవచ్చు. వంచి లేపినప్పుడు విరిగిన ఎముక నరాన్ని నొక్కుతుంది.

కాబట్టి పడిన మనిషిని పడినచోటనే, పడినట్లుగానే ఉంచండి. తల దగ్గర ఒకరు కూర్చొని రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోవాలి. మెడలో, నడుములో నొప్పి ఉందా, కాలి వ్రేళ్ళు కదులుతున్నాయా, తాకితే తెలుస్తోందా అని అడగండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నీళ్ళు గాని, టీ గాని ఇవ్వవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు. వాంతి వస్తే మాత్రం, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేట్లు నలుగురు కలిసి దుంగను దొర్లించినట్లు ప్రక్కకు త్రిప్పాలి. మొయ్యవలసి వస్తే స్ట్రెచరు గాని, తలుపు చెక్కలాంటి గట్టి పలక గాని కావాలి. దుప్పటిలో ఊయలలా మోయకూడదు.

కాళ్ళ మీద పడి మడమ విరిగినవారి విషయంలో మరొకటి గమనించాలి. నేల దెబ్బ మడమలోనుండి కాలి ఎముకల గుండా నడుము దాకా ప్రాకుతుంది. మడమ నొప్పి ఎక్కువగా ఉండడం వలన నడుము నొప్పి తెలియదు. తాటిచెట్టు మీదనుండి పడినవారిలో కూడా ఇంతే. అందుచేత మడమ విరిగిందని తేలినప్పుడు, నడుముకు కూడా ఎక్స్‌రే అవసరమా అని డాక్టరును మీరే అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

108కి ఫోన్ చేసినప్పుడు "గుట్టల దగ్గర" అంటే వారికి అర్థం కాదు. వెళ్ళిన వెంటనే, ఎక్కకముందే, దగ్గరి ఊరి పేరు, రోడ్డు మీద గుర్తు, అక్కడినుండి నడక ఎంత దూరం అన్నవి ఒక కాగితం మీద వ్రాసుకోండి. దానిమీదనే ఎక్కేవారి పేరు, బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇంటి ఫోన్ నంబరు వ్రాసి సంచి పై అరలో పెట్టండి. గుట్టల్లో ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో కూడా ముందే చూసుకోవాలి. అదే కాగితం నకలు ఒకటి, ఏ గంటకు తిరిగి వస్తారో వ్రాసి, హాస్టల్‌లో గదిలో ఉండేవారికి ఇచ్చి, ఇంటికి కూడా ఫోన్ చేసి చెప్పి వెళ్ళండి. ఆ గంట దాటి ఇంకొక గంట గడిచినా ఫోన్ రాకపోతే ఎవరిని పిలవాలో ఇంట్లో వారికి తెలిసి ఉండాలి.